పొడుగోడు ఏమన్నడో గదే చెప్పు

కరీంనగర్ బస్టాండు దాటిందో లేదో పక్క సీట్లో అమ్మాయి ఫోన్ తీసింది. ఇయర్‌ఫోన్ పనిచేయలేదేమో, విసుగ్గా పీకి బ్యాగులో పడేసి, సౌండు తగ్గించి పెట్టుకుంది. చిన్న రాగమొకటి, ఆ వెనకే ఎవరితోనో గబగబా పోట్లాడుతున్న ఆడపిల్ల గొంతు. చైనా భాష. ఒక్క ముక్క అర్థం కాదు. అయినా నా ముక్కుకు పచ్చి తంబాకు ఘాటు తగిలింది. బస్సులో తంబాకు ఎక్కడిది? అది ఖానాపూర్‌లో రాజవ్వ అరుగు మీది ఘాటు. రాజవ్వ పోయి రెండేళ్లు కావస్తోంది, ఘాటు మాత్రం పోలేదు.

రాజవ్వ మా పక్కింటామె. నేను అత్తా అని పిలిచేదాన్ని. భర్త పోయిన తర్వాత బీడీలు చేసుకుంటూ ఒక్కతే బతికింది. పొట్టి మనిషి, పెద్ద గొంతు. ఆమె నవ్వితే మూలమీది చాయ్ హోటల్ దాకా వినిపించేది. మొగుడు పోయిన ఆడది అట్లా నవ్వొద్దని మా వాడలో చాలామందికి గట్టి నమ్మకం. ఆ నమ్మకాన్ని ఆమె ఏనాడూ ఖాతరు చేయలేదు.

కరోనాకు కాలేజీలు మూతబడి నేను ఇంటికొచ్చిన రోజులవి. పొద్దుటి పని తెమిలాక వాడలోని ఆడవాళ్లంతా తునికాకు, తంబాకు చాటల్లో పెట్టుకొని రాజవ్వ అరుగు మీదికి చేరేవారు. టీవీలో తెలుగు సీరియల్ నడిచేది. ఒకనాడు అందులో అత్త కోడలి పాలల్లో ఏదో కలుపుతుంటే రాజవ్వ టీవీ కట్టేసింది. "మనిండ్లల్ల లేని ఏడుపా? కొత్తగ కొనుక్కొని ఏడుసుడెందుకే? నీ ఫోన్ల ఏమన్న నవ్వేటిది పెట్టు బిడ్డా" అంది.

నా ఫోన్లో ఉన్నది ఆ చైనా ప్రేమకథ ఒక్కటే. కింది అంతస్తులో నూడుల్స్ హోటల్ నడిపే ఒక బుగ్గల పిల్ల, పై అంతస్తులో ఉండే పొడుగాటి ఇంజినీరు. మొదట్లో నీళ్ల పంపు కోసం కొట్లాట, ఆ తర్వాత ప్రేమ. వాళ్ల పేర్లు మా నాలుకలకు తిరగక బుగ్గలమ్మ, పొడుగోడు అని పెట్టుకున్నాం. మాటలు చైనావి, అడుగున అక్షరాలు ఇంగ్లీషువి. బీడీ చుట్టేవాళ్ల కళ్లు ఆకు మీదే ఉండాలి, చెవులు మాత్రమే ఖాళీ. అందుకని ఆ అక్షరాలు చదివి మా మాటలో చెప్పే పని నాకు పడింది. చెప్తూ కూర్చుంటే నా చేతి పని ఆగిపోతుంది కదా, సాయంత్రం లేచేటప్పుడు తలా ఒక బీడీ కట్ట నా చాటలో వేసి పోయేవారు. ఆ పద్ధతి పెట్టింది రాజవ్వే. "నోటి పని గూడ పనేనే" అనేది.

నాకున్న చిక్కల్లా సిగ్గు. ఎవరైనా పెద్దమనిషి వాడలో నడిచిపోతుంటే నా నోట్లో కథ మారిపోయేది. పొడుగోడు బుగ్గలమ్మ చేయి పట్టుకొని, కళ్లలోకి చూసి, "వడ్లు ఎండినయా?" అని అడిగేవాడు. ఆమె తల వంచుకొని, "ఇంకో రెండు దినాలు పడుతది" అనేది. ఆడవాళ్లు కొంగులు నోట్లో కుక్కుకొని నవ్వేవారు. రాజవ్వకు మాత్రం ఒళ్లు మండేది.

"ఆ పిల్లగాడు పానం పెట్టి ఒక మాటంటడు. నువ్వు దాన్ని వడ్లల్ల కలుపుతవ్. ఆడు ఏమన్నడో గదే చెప్పు. నీ సిగ్గు నడుమల పెట్టకు" అనేది.

అటువంటి కథల్లో ఏముందని చదువుకున్నవాళ్లు మూతి విరుస్తారు. విరవనీ. ఏముందో నేను ఆ అరుగు మీద చూశాను. అందులో ఎవరూ ఎవరికీ విషం పెట్టరు. పొడుగోడికి కోపం వస్తుంది, చేయి మాత్రం లేవదు. బుగ్గలమ్మ కడుపునిండా తింటుంది, మూతి తుడుచుకోకుండా తిడుతుంది, అయినా ఆమె మంచిదే. ఇంటికి అలసి వచ్చినప్పుడల్లా అతను అడిగే మొదటి మాట "తిన్నవా?" మొదటిసారి నేనది చెప్పినప్పుడు రాజవ్వ చేతిలో బీడీ ఆగిపోయింది. "మా ఆయిన మంచోడే. తాగలే, కొట్టలే. గని సంసారం చేసినన్ని దినాలు తిన్నవా అని ఒక్కనాడు అడగలే" అంది.  

గొడవ కూడా ఆ మాటతోనే వచ్చింది. రాజవ్వ మొగుడి అన్న లచ్చన్న కోడలు సుజాత మాతోపాటే బీడీలు చేసేది. ఒక రాత్రి ఆమె మొగుడి ముందు కంచం పెట్టకుండా నిలబడి, "నువ్వెప్పుడన్న నన్ను తిన్నవా అని అడిగినవా?" అందట. తెల్లారేసరికి ఊరంతా పాకింది. మధ్యాహ్నానికి లచ్చన్న వచ్చాడు, వెంట మా బాపును కూడా తెచ్చుకున్నాడు. అన్నదమ్ముల పంపకంలో ఆ అరుగు లచ్చన్న వంతుకు వచ్చింది. అతని బలమంతా అదే.

"గీ చీనోళ్ల సీరియల్ బంద్ చెయ్యి, లేకుంటే అరుగు ఖాళీ చెయ్యి. వాళ్ల రోగం సాలదా, వాళ్ల బుద్ధులు గూడ కావాల్నా?" అన్నాడు.

రాజవ్వ ఆకు కోసే కత్తెర కింద పెట్టలేదు. "గియ్యాల ఆఖరు భాగం బావా. కూసో, ఇను. ఇన్నంక తప్పేందో చెప్పు" అంది. బాపు వైపు తిరిగి, "అన్నా, నువ్వు గూడ కూసో" అంది. తర్వాత నన్ను చూసింది. "చదువు బిడ్డా. వడ్లు గిడ్లు అనకు."

 బాపు ముందు నేను ప్రేమ అనే మాట ఎన్నడూ పలికినదాన్ని కాదు. తెర మీద వాన పడుతోంది. పొడుగోడు హోటల్ ముందు గొడుగుతో నిలబడ్డాడు. వడ్లు నాలుక చివర సిద్ధంగా ఉన్నాయి. రాజవ్వ కళ్లు నా మీంచి కదల్లేదు. నేను తల ఎత్తి గట్టిగానే చెప్పాను:

"నువ్వంటే నాకు పానం అంటుండు. జవాబు ఇప్పుడే చెప్పుడు అవసరం లేదు అంటుండు. వద్దంటే వద్దే. గని వాన పడుతుంది, ఇంటిదాంక గొడుగు పట్టుకొని వస్త అంటుండు."

సుజాత చాట మీదికి వంగి ఏడ్చింది. "ఇందుల తప్పేంది బావా?" అని రాజవ్వ అడిగింది.  లచ్చన్న ఇంటికి పోయి తాళం తెచ్చాడు. సాయంత్రానికి అరుగు ముందరి జాలీ గేటుకు అది పడింది.

ఇక కథ ఒడిసిందనుకున్నాను. మరునాడు చూస్తే రాజవ్వ మా వీధి బజారు మధ్య, బోరింగు నల్లా పక్కన చాపలు పరిచి కూర్చుంది. "అరుగు ఆయినది. బజారు ఎవని వంతుకు రాలే" అంది. కొత్త సీరియల్ పెట్టించింది. ఇంతకుముందు అరుగు మీద వాళ్లే వినేవారు, ఇప్పుడు నీళ్లకొచ్చినవాళ్లంతా బిందెలు నిండి పొర్లుతున్నా నిలబడి విన్నారు.

 కొన్నాళ్లకు బాపు అన్నం ముందు కూర్చొని, కంచంలోకి చూస్తూనే నన్ను కన్న అవ్వను, "నువ్వు తిన్నవా?" అని అడిగాడు. అవ్వ హడలిపోయింది. "ఏమైందయ్యా? పానం మంచిగ లేదా?" అని ఆయన నుదుటి మీద చేయి పెట్టి చూసింది.

రాజవ్వను తంబాకు దుమ్మే తినేసింది. చివర్లో నవ్వు దగ్గులోకి జారిపోయేది, అయినా నవ్వేది. ఆమె పోయిందంటే నాకిప్పటికీ కోపమే వస్తుంది. నేనిప్పుడు ఆలుమగల గొడవలు విని రాసే ఒక కేంద్రంలో పనిచేస్తున్నాను. ఆడవాళ్లు చెప్పింది జర మెత్తగా రాయమని అడిగేవాళ్లు చాలామందే వస్తారు. ఏమందో అదే రాస్తాను.

బస్సు గంగాధర దాటింది. ముందు సీటు పెద్దాయన వెనక్కి తిరిగి, "ఏం సినిమాలమ్మా గవి" అన్నాడు. అమ్మాయి సౌండు ఇంకా తగ్గించింది. అటు పక్కన కూరగాయల గంప పెట్టుకున్న ఒకామె మాత్రం మెడ చాచి తెరనే చూస్తోంది. "ఏమంటుండు బిడ్డా గా పిలగాడు?" అని అడిగింది.

అమ్మాయి పెద్దాయన వైపు ఒక చూపు చూసి, "ఏం లేదమ్మా, ఆఫీసు పని గురించి" అంది.

నాకు నవ్వొచ్చింది. వడ్లు ఇంకా ఎండలేదన్నమాట. తెర మీది అక్షరాలు చూశాను.

"పని గురించి కాదు" అన్నాను, ముందు సీట్లకు కూడా వినబడేటట్టు. "నువ్వు నవ్వుతుంటే నాకు ఇల్లు చేరినట్టు ఉంటది అంటుండు. ఇంక గట్టిగ నవ్వు అంటుండు."