కుండ దించని అత్త

మా అత్త, అంటే మా ఆయన తల్లి, ఎక్కడ నిలబడినా ఊగుతూనే ఉండేది, చంకలో బిడ్డ లేకపోయినా సరే. ఆ అలవాటు చేపపిల్లల వల్ల వచ్చింది.

అవి తెల్లదొరల రోజులు. అనంతగిరి కొండమీద మా పల్లపు పొలం చెక్కలో ఆవిడ చెరువు తవ్వింది. "కొండమీద చేపలేటే?" అని ఊరంతా నవ్వింది. అత్తా నేనూ కొండ దిగి, జాలర్ల దగ్గర బొచ్చె చేపపిల్లల్ని చెరో కుండలో పోయించుకుని వస్తున్నాం. దారంతా నీళ్లు ఊపుతూనే ఉండాలి. ఆపితే పిల్లలకి ఊపిరాడదు.

కొండెక్కే ఘాటీ దారిలో అడవి గార్డు దారికడ్డంగా కర్ర వాల్చేశాడు.

"కుండలు దించండి. దొరగారొచ్చి చూడాలి."

"దించితే సత్తాయి బాబూ. నువ్వే పట్టుకో," అని అత్త తన కుండ అతని చేతుల్లో పెట్టేసింది. "ఊపు. దొరొచ్చిందాకా ఊపు. ఒక్కటి సచ్చినా నీ గుమ్మంలోనే కూకుంటాను."

నా కుండ నేను ఊపుతూనే ఉన్నాను. సంతకెళ్లేవాళ్లు ఆగిపోయారు. "గార్డుబాబు జోలపాడతన్నాడ్రా!" అన్నారెవరో. అతని చొక్కా తడిసిపోయింది.

"పట్టుకుపోవే తల్లీ, బేగి పో. కర్ర కిందనుంచి దూరిపో."

అత్త కుండ అందుకుని ముందు లోపలికి చూసింది. పిల్లలన్నీ కదుల్తున్నాయి.

"నేను వంగితే నీళ్లొలికిపోతాయి. నువ్వే కర్రెత్తు," అంది.

ఎత్తాడు.