నిజాంపట్నంలో చెక్కించిన పంకా

ఆ రోజుల్లో నాకు తెలియని విషయమంటూ ఉండేది కాదు. బాపట్లలో ఇంజనీరింగు చదువుతూ, కాలేజీ విమానాల క్లబ్బులో చేరిన ఆరు నెలలకే జూనియర్లను చుట్టూ కూర్చోబెట్టుకుని, "విమానం ముక్కున తిరిగే పంకా పెద్దదైతే వేగం వస్తుందనుకుంటారు అమాయకులు. పొట్టిగా ఉండాలి, రెక్క వాలు ఎక్కువుండాలి" అని ఉపన్యాసాలు దంచేవాణ్ణి. మావి చిన్న విమానాలు. రెండు సన్నటి తీగలు కట్టి, మధ్యలో నిలబడి పట్టుకుంటే చుట్టూ గుండ్రంగా ఎగిరేవి. గుప్పిట్లో పట్టే ఇంజను. కిరోసిను, ఈథరు, ఆముదం కలిపి పోసి, పంకాను వేలితో తిప్పి వదిలితే అందుకునేది. (ఆముదం సీసాలు కొనేది నేనే కాబట్టి, కొట్టాయన చాలాకాలం నా కడుపు గురించి బెంగపెట్టుకున్నాడు.)

కాలేజీలో పోటీ పెట్టి, అందరికంటే వేగంగా ఎగిరిన విమానాన్నీ, దాని యజమానినీ హైదరాబాదు పోటీకి పంపుతామని ఫిజిక్సు మాస్టారు ప్రకటించారు. ఆ పోయేది నేనేనని తెనాలిలో మా ఇంట్లో అప్పుడే చెప్పేశాను. మా అమ్మ వీధంతా చెప్పింది. మా పిన్ని అక్కడ చలెక్కువని స్వెట్టరు కూడా మొదలుపెట్టింది. కాలేజీ పోటీకి సరిగ్గా నాలుగు రోజుల ముందు, ఉన్న ఒక్క మంచి పంకా నేలకి కొట్టుకుని తునాతునకలైంది. మద్రాసు నుంచి ఇంకోటి రావాలంటే రెండు వారాలు. నా మొహం చూడలేక మా గదిలో ఉండే రేపల్లె కుర్రాడు (జేబులో ఎప్పుడూ స్కేలుండేది, అందుకని అందరం స్కేలుగాడనేవాళ్ళం), "నిజాంపట్నంలో పడవలు చేసే తాతున్నాడ్రా. చెక్కతో ఏదడిగినా చేసిస్తాడు" అన్నాడు. వాడూ పోటీలో ఉన్నాడు. అయినా చెప్పాడు, పిచ్చిమారాజు.

కాగితం మీద పంకా బొమ్మ వేసి, కొలతలు రాసి, ఎటు తిరగాలో బాణం గుర్తు పెట్టి, రేపల్లె మీదుగా బస్సెక్కి పట్టుకుపోయాను. తాత రెండు రోజుల్లో అద్దంలా నునుపుగా చెక్కిచ్చాడు. నేను కూడా నిపుణుడిలా కళ్ళు చిట్లించి చూసి, "బాగుంది" అన్నాను. ఏం చూశానో ఆ దేవుడికే తెలియాలి.

పోటీ రోజు స్కేలుగాడి విమానం దర్జాగా ఎగిరింది. తర్వాత నా వంతు. ఇంజను మొదటి తిప్పుకే అందుకుంది. ఇంధనం వదిలే సూది కాస్త సర్దగానే సన్నగా, తియ్యగా పాడింది. నేను తీగలు పట్టుకుని మధ్యలో నిలబడ్డాను. పట్టుకుని ఉన్న స్కేలుగాడు విమానాన్ని వదిలాడు. అది తోక ముందు పెట్టుకుని, ఎంతో మర్యాదగా, కుర్చీలో కూర్చున్న మాస్టారి వైపు వెనక్కి నడిచింది.

"ఒరేయ్, రివర్సు గేరేశాడ్రా!" అన్నారెవరో. మైదానమంతా ఘొల్లుమంది. ఉక్రోషంతో ఇంజను ఆపి, పంకాను మళ్ళీ ఇష్టం వచ్చినట్టు తిప్పాను. ఇంజను ఎదురుతన్ని, నా వేలు చితక్కొట్టి, తిరగాల్సిన వైపు కాక రెండో వైపు తిరగడం మొదలుపెట్టింది. (ఆ రకం ఇంజన్లకి ఆ రోగం ఉంది.) ఈసారి వదిలితే విమానం బాణంలా ముందుకు దూకింది! ఏడు చుట్లు. స్కేలుగాడి దానికంటే వేగంగా. మాస్టారు గడియారం చూసి లేచి నిలబడ్డారు. "ఏంట్రా, ఏం చేశావు?" "లెక్క ప్రకారం సర్దానండి" అన్నాను, వేలు చప్పరిస్తూ.

"అయితే ఇంకొక్కసారి ఎగరేసి చూపించు. గాలివాటం వేగాన్ని హైదరాబాదు పంపలేను" అన్నారాయన. తిప్పాను. ఇంజను చక్కగా, సరైన వైపు అందుకుంది. మళ్ళీ తిప్పాను. మళ్ళీ సరైన వైపే! పదిహేనుసార్లు ఎలా తిప్పినా ఒక్కసారి కూడా తప్పు చేయలేదు. ఇంజను బాగా స్టార్టవుతోందని కళ్ళనీళ్ళు పెట్టుకున్నవాడు లోకంలో నేనొక్కణ్ణే అయివుంటాను. స్కేలుగాడు హైదరాబాదు వెళ్ళాడు.

మర్నాడే నిజాంపట్నం పోయాను, తాతని కడిగేద్దామని. నేను నోరు తెరవకముందే బొమ్మ కాగితం తీసి చూపించాడు. "బాణం గుర్తు ఏశావు గానీ, ఎటునించి సూడాలో రాయలేదు బాబూ. పడవ పంకాని ఎనకమాల నిలబడేగా సూసేది? అట్టాగే సూసి సెక్కా" అన్నాడు. నేను గీసింది ముక్కు వైపు నుంచి చూసి. విమానం పంకా ముందుంటుంది మరి. అందుకే రెక్కల వాలు తిరగబడి, ఇంజను సరిగ్గా తిరిగితే వెనక్కీ, తప్పుగా తిరిగితే ముందుకీ పోయింది. కడుక్కోవాల్సింది నా మొహమేనని అప్పుడు తెలిసింది.

నా మొహంలో ఏం కనిపించిందో, తాత చేతిలో ఉలి పక్కన పెట్టాడు. "ఏం బాబూ, ఎగర్లేదా?" అన్నాడు. ఆ గొంతులో నా హైదరాబాదు దిగులుకంటే పెద్ద దిగులుంది.

"ఎగిరింది తాతా. ఏడు చుట్లు. అందరికంటే ఫాస్టుగా" అన్నాను.

తాత పక్కనున్న పడవవాళ్ళని కేకేసి, "ఇన్నార్రా? మనం సెక్కింది గాల్లో ఎగిరిందంట!" అన్నాడు. ఆ తర్వాత నేను చాలా బొమ్మలు గీశాను, చాలా ఉపన్యాసాలూ ఇచ్చాను. అన్నీ తెలుసనుకున్న ఆ కుర్రాణ్ణి తలుచుకుంటే ఇప్పటికీ నవ్వొస్తుంది గానీ, ఆ ఒక్క జవాబు మాత్రం వాడు సరిగ్గానే చెప్పాడు.