నేల మీద పెట్టిన ఫింజాన్

మా తాతగారి పేరు మీద నేను ఇంతవరకు అబద్ధపు ఒట్టు వేయలేదు. ఆ పేరు మీదే చెబుతున్నాను... ఇది జరిగింది. నవ్వేవాళ్లు నవ్వుకోండి.

సౌదీలో, హుఫూఫ్‌లో పని. సౌదీవాళ్లకి ఇన్ని ఉద్యోగాలు ఇవ్వాలనే నితాకాత్ లెక్కలో మా కంపెనీ ఎరుపులో పడింది. సౌదీవాళ్లు తక్కువ, మేము ఎక్కువ. పైగా తలకింత అని లెవీ. స్టోర్‌లో ఇద్దరం ఉన్నాం, నేనూ ఎల్లయ్యా. ఒకరు ఉంటారు, ఒకరికి ఫైనల్ ఎగ్జిట్, అంటే ఇక తిరిగి రాకుండా ఇంటికి. ఎవరికన్నది శనివారం పొద్దున కాగితం అంటిస్తారు.

ఎల్లయ్యది మా ఊరే. వాళ్ల నాన్న మా గడీలో పంకా లాగేవాడు. ఇప్పుడు గడీ లేదు, పంకా లేదు. ఇక్కడ ఇద్దరికీ ఒకే గది, ఒకే జీతం. అయినా నన్ను దొరా అనే పిలిచేవాడు. నేను వద్దనలేదు.

ఆ శుక్రవారం జోసెఫ్ మమ్మల్ని కారెక్కించాడు. భీమవరం మనిషి, ఆఫీసులో టైపు పని. "ఎప్పుడూ క్యాంపు కోడికూరేనా? పల్లెలు తిరిగి తిందాం రండి," అన్నాడు.

తిరిగాం. ఖర్జూర తోటల మధ్య చిన్న చిన్న ఊళ్లు. మట్టి పొయ్యిలో కాల్చిన ఖర్జూరపు రొట్టె. మధ్యాహ్నం ఎర్రబియ్యం అన్నం, మాంసం.

"మా అవ్వ వండినట్టే ఉంది దొరా," అన్నాడు ఎల్లయ్య.

జోసెఫ్ ప్రతిదీ నాకే ముందు వడ్డించాడు. "తినండి దొరగారూ, మళ్లీ ఎప్పుడు తింటారో ఏంటో."

తిన్నాను. కానీ ముద్ద ముద్దకీ ఒకటే ఆలోచన... రేపు ఎవరు?

చీకటి పడింది. తోటల్లో దారి తప్పాం. ఎటు తిరిగినా అవే చెట్లు, అదే కాలువ. అద్దం దించాం. అప్పుడు వినబడింది.

టంగ్... టంగ్... టక్.

"కాఫీ దంచుతున్నారండి," అన్నాడు జోసెఫ్. "ఆ చప్పుడు వినబడిందంటే రమ్మని పిలిచినట్టే ఇక్కడ. దారి కూడా అడుగుదాం."

మట్టి గది. తలుపు తెరిచే ఉంది. లోపల నిప్పులు, ఒక కాఫీ కూజా, ఒక ముసలాయన. ఇంకెవరూ లేరు. చెవుల్లేని చిన్న కప్పు, ఫింజాన్ అంటారు, ఒక్కటే ఉంది. జోసెఫ్ తాగాడు, దారి కనుక్కున్నాడు, కారు తిప్పడానికి బయటికి వెళ్లాడు. తర్వాత ఎల్లయ్య తాగాడు. చాలని కప్పు ఊపి ఇచ్చేశాడు. ముసలాయన అందులోనే పోసి నా చేతికిచ్చాడు.

కడగలేదు.

జోసెఫ్ ఒక్కడే తాగి ఉంటే నేనూ తాగేవాణ్నేమో. కానీ ఎల్లయ్య తాగాడు. మా ఇంట్లో వాళ్ల గ్లాసు వేరుగా చూరు కింద ఉండేది. ఏడేళ్లు ఒకే గదిలో పడుకున్నా ఆ ఒక్కటి నాలో చావలేదు. ఫింజాన్ నేల మీద పెట్టాను.

ఎల్లయ్య చూశాడు. లేచి చెప్పులు వేసుకున్నాడు. "బండి కాడ ఉంట దొరా."

నేనూ ముసలాయనా మిగిలాం.

టంగ్... టంగ్...

ఆగిపోయింది.

అప్పుడు గమనించాను. ముసలాయన చేతులు రెండూ మోకాళ్ల మీద ఉన్నాయి. నాకు కప్పు ఇచ్చినప్పటి నుంచీ అక్కడే ఉన్నాయి. ఇత్తడి రోలు పక్కనే... రోకలి అందులో ఆనించి ఉంది. మరి ఇంతసేపూ దంచింది ఎవరు?

"ఇష్ హాజతక్?" అన్నాడు. నీకేం కావాలి అని. ఆ మాత్రం అరబ్బీ నాకు తెలుసు.

నేను పెదవి కదపలేదు. అది మాత్రం గట్టిగా చెప్పగలను. కానీ లోపల... అనుకున్నాను. వాడు పోనీ. నేనుండాలి.

ముసలాయన తలూపాడు. తాగమని వేలు చూపించాడు. నా చేయి దానంతటదే వెళ్లింది. పోసినప్పుడు పొగలు చూశాను. నోట్లో మాత్రం బావి నీళ్లంత చల్లగా ఉంది.

కార్లో జోసెఫ్‌కి చెప్పాను, కప్పు సంగతి ఒక్కటే.

"తాగకుండా కింద పెట్టారా? ఏదో అడగడానికొచ్చామని అర్థమండి వీళ్లలో. ఇస్తానన్నాకే తాగుతారు. ఏం అడిగారేంటి?"

"ఏం అడుగలె."

వెనక సీట్లోంచి ఎల్లయ్య అన్నాడు. "దొరలు అడుగుతరా జోసెఫన్నా. వాళ్లకు ఇచ్చుడే అలవాటు."

 ఆ రాత్రి ఎల్లయ్య ఫోన్ పట్టుకుని చాలాసేపు బయటే ఉన్నాడు.

శనివారం కాగితం అంటించారు. ఎల్లయ్య పేరు.

జోసెఫ్ నన్ను పక్కకి లాగాడు. "గురువారం నేను టైపు చేసిన దాంట్లో మీ పేరుందండి. అందుకే కదా నిన్న మిమ్మల్ని తిప్పింది. రాత్రి మేనేజరు ఫోన్ చేసి పేరు మార్చమన్నాడు. ఎందుకంటే చెప్పలేదు."

దమ్మామ్ ఎయిర్‌పోర్టుకి నేనే తీసుకెళ్లాను. దారంతా అడగాలనుకుని, చివర్లో అడిగాను. "ఆ రాత్రి ఎవరితోటి మాట్లాడినవ్?"

"ఇంటికి," అన్నాడు ఎల్లయ్య. నా వైపు తిరిగాడు. "ఎందుకు దొరా?"

అతని పెట్టె ట్రాలీ మీదికి ఎత్తాను. అతను లోపలికి వెళ్లిపోయాడు.

తర్వాత జోసెఫూ నేనూ రెండుసార్లు ఆ తోటల్లో వెతికాం. ఆ గది దొరకలేదు. అక్కడ అన్ని దారులూ ఒకలాగే ఉంటాయి కాబట్టి అది దేనికీ రుజువు కాదు.

నా మాట ఆ ముసలాయన విన్నాడా... లేక కప్పు కింద పెట్టినప్పుడే ఎల్లయ్యకి అంతా అర్థమై, నా బదులు తననే పంపమని మేనేజరుకి ఫోన్ చేశాడా... తెలియదు. రెండింటిలో దేనికి ఎక్కువ భయపడుతున్నానో, అదీ తెలియదు.