అమెరికాకు చెప్పాల్సిన పిన్ని రహస్యం

ఉద్యోగంలో చేరిన ఆ కొత్త రోజుల్లో నాకు చేతకాని పనంటూ ఒకటి ఉంటుందని నేను నమ్మేదాన్ని కాదు. ఇరవై నాలుగేళ్ల వయసు, సింగపూర్ నడిబొడ్డున రాఫెల్స్ ప్లేస్‌లో కొలువు, మెడలో ఆఫీసు కార్డు (రైల్లో కూడా తీసేదాన్ని కాదు, ఎదుటివాళ్లు చదువుకుంటారని). వీటన్నిటికీ మించి నా దగ్గర అమెరికా పాస్‌పోర్టు ఉండేది. నాన్న ఏదో ప్రాజెక్టు మీద రెండేళ్లు న్యూజెర్సీలో ఉన్నప్పుడు నేను పుట్టాను, పదకొండు నెలల పిల్లగా నెల్లూరు వచ్చేశాను. అమెరికా గురించి నాకు గుర్తున్నది ఏమీ లేదు. అయినా చుట్టాలందరికీ నేను 'అమెరికమ్మ'నే. ఆ పేరు మీద దక్కిన మర్యాదలు అన్నీ ఇన్నీ కావు. అందులో ముఖ్యమైనది, ఇంట్లో ఎవరు బ్యాంకు ఖాతా తెరిచినా పక్కన నా పేరు కూడా రాయించడం. పక్కన ఇంకో పేరు ఉంటే ధైర్యం అని మా వాళ్ల నమ్మకం, ఆ ఇంకో పేరు అమెరికాదైతే మరీ ధైర్యం. అమ్మ ఖాతాలో నేను, అమ్మమ్మ ఫిక్సెడ్ డిపాజిట్లో నేను. అడిగినచోటల్లా సంతకం పెట్టి, కాఫీ తాగి వచ్చేదాన్ని.

సింగపూర్లో నేను ఉన్నది హౌగాంగ్‌లో, పిన్ని వాళ్ల ఫ్లాట్‌లో. బాబాయ్ తువాస్‌లోని ఓ షిప్‌యార్డులో సేఫ్టీ ఆఫీసరు. హెల్మెట్ లేనివాణ్ణి గేటు దాటనివ్వని మనిషి, ఇంట్లో కుక్కర్ గాస్కెట్ కూడా ఆయన పరీక్ష చేశాకే మూత పడాలి. పిన్ని కందిపొడి, కరివేపాకు కారం చేసి చుట్టుపక్కల తెలుగువాళ్లకు అమ్మేది. ఆ డబ్బుతో ఎప్పటికైనా, తిండి దుకాణాలన్నీ ఒకే కప్పు కింద ఉండే హాకర్ సెంటర్‌లో సొంతంగా పెసరట్ల దుకాణం పెట్టాలని ఆమె ఆశ. నేను వచ్చిన నెలలోనే నన్ను బ్యాంకుకు తీసుకెళ్లి, నా పేరు కలిపి ఒక ఖాతా తెరిచింది. "మీ బాబాయ్ కంట్లో పడిందంటే ఇది కూడా నెల్లూరు పక్కన ఇంకో ప్లాటు అవతాది. నువ్వు నోరు మెదపమాక" అంది. మెదపనని మాటిచ్చాను. నా మాట మీద నాకు అపారమైన నమ్మకం.

రెండో ఏడు గడిచాక ఆఫీసులో ఒక సీనియర్ అంకుల్ (ఆయనా పుట్టుక చేత అమెరికావాడే) భోజనాల దగ్గర మామూలుగా అడిగాడు, "నీ ఫారం పంపేశావా?" అని. ఏ ఫారం అన్నాను. ఆయన చెంచా కింద పెట్టి నా వైపు జాలిగా చూశాడు. అమెరికా పౌరులు ప్రపంచంలో ఎక్కడున్నా ఏటా అక్కడి ప్రభుత్వానికి లెక్క చెప్పాలట. బయటి దేశాల ఖాతాలన్నీ కలిపి పదివేల డాలర్లు దాటితే ప్రతి ఖాతా గురించీ రాయాలి. సొంతమైనవే కాదు, మన పేరు ఉన్నవన్నీ. ఆ ఏడాదిలో అందులో అత్యధికంగా ఎంత ఉంది, జతగా ఎవరున్నారు, వాళ్ల అడ్రసేంటి, అన్నీ. "పన్ను కట్టక్కర్లేకపోవచ్చమ్మా. చెప్పడం మాత్రం తప్పదు. చెప్పకపోతే జరిమానా" అన్నాడు. భయపడాల్సింది. నేను భయపడలేదు. ఇదొక చిన్న జాబితా పని, సాయంత్రానికల్లా అయిపోతుందనుకున్నాను.

అనుకుని, మా కుటుంబం వాట్సాప్ గ్రూపులో అచ్చం ఆఫీసు పద్ధతిలో ఒక మెసేజ్ పెట్టాను. నా పేరున్న ఖాతాల్లో పోయిన ఏడాది ఎక్కువలో ఎక్కువ ఎంత ఉందో దయచేసి తెలపండి: ఒకటి అమ్మ, రెండు అమ్మమ్మ, మూడు పిన్ని. పంపాక, ఎంత శుభ్రంగా రాశానో అని ఇంకోసారి చదువుకున్నాను. మూడో పేరు దగ్గర గుర్తొచ్చింది, ఆ గ్రూపులో బాబాయ్ కూడా ఉన్నాడని. అర నిమిషంలో తొలగించాను. తొలగించిన గుర్తు మాత్రం అక్కడే నిలబడింది. దాని కింద బాబాయ్ ప్రశ్న: "ఏందమ్మే, ఏదో పెట్టి తీసేశావు?" ఆయన అప్పుడు కంపెనీ బస్సులో ఉన్నాడు. చూశాడో లేదో తెలియదు. ఫారం సంగతి చెప్పి, పొరపాటున సగమే రాశానన్నాను. "గవర్నమెంటుకు పోయే కాగితం నేను చూడకుండా పంపమాక. ఆదివారం ఇద్దరం కూర్చుందాం" అని జవాబు వచ్చింది.

ఇల్లు చేరేసరికి పిన్ని ఫోన్ చేత్తో పట్టుకుని పొయ్యి దగ్గర నిలబడి ఉంది. కందిపప్పు మాడుతున్నా చూడటం లేదు. "నా దుకాణం పోయినట్టేనా?" అని మెల్లగా అడిగింది. నన్ను తిట్టినా బాగుండేది. ఆ గొంతు విన్నాక నా మీద నాకే రోత పుట్టింది. అయినా (నా తెలివి మీద నమ్మకం ఇంకా చావలేదు) నేను చూసుకుంటానన్నాను.

ఆదివారం పొద్దున బాబాయ్ స్నానం చేసి, కళ్లద్దాలు తుడుచుకుని, ఎర్ర పెన్నుతో వచ్చి కూర్చున్నాడు. నేను లాప్‌టాప్ నా వైపు తిప్పుకుని, "ఇది నింపేవాళ్లు తప్ప ఇంకొకరు చూడకూడదు బాబాయ్. అమెరికా రూలు" అన్నాను. అలాంటి రూలు ఏదీ లేదు. కానీ రూలు అనే మాటకు ఆయన ఇచ్చే గౌరవం నాకు తెలుసు. వెంటనే లేచాడు. "రూలంటే రూలే" అని పెన్ను జేబులో పెట్టుకుని, టీవీ గొంతు తగ్గించి, వంటింట్లోంచి తొంగిచూస్తున్న పిన్నిని కూడా "నువ్వు ఇటు రామాక, అమ్మాయి కాన్ఫిడెన్షియల్ పనిలో ఉండాది" అని వెనక్కి పంపాడు. గంటలో అన్నీ నింపి పంపేశాను. గెలిచానని నాలో నేనే మురిసిపోయాను.

మధ్యాహ్నం చెత్త పారేయడానికి కిందికి వెళ్తుంటే బాబాయ్ కూడా లిఫ్ట్ ఎక్కాడు. రెండంతస్తులు దిగాక, అంకెల వైపే చూస్తూ అడిగాడు: "మీ పిన్ని డబ్బులు దుకాణం అద్దెకు చాలతాయా?" నేను చెత్త సంచి ముడి మళ్లీ బిగించాను. "పోస్టు డబ్బాలో బ్యాంకు ఉత్తరాలు తీసేది నేనే గదమ్మే రెండేళ్లుగా. ఆమె చెప్పేదాకా నాకు తెలవదు, అంతే" అన్నాడు. చెప్పకూడదు బాబాయ్ అన్నాను, మాటిచ్చానని. ఆయన తలూపాడు. "సరే, ఎంతుందో చెప్పమాక. చాలకపోతే మాత్రం చెప్పు."

చాలదని చెప్పాను. కొన్ని నెలలకు, మంచి బేరం వచ్చిందంటూ ఆయన నెల్లూరు పక్క ప్లాటు ఒకటి అమ్మేశాడు. డబ్బు ఊరికే పడి ఉంది, ఏం చేద్దామని పిన్నినే సలహా అడిగాడు. అప్పుడు పిన్ని ధైర్యం చేసి తన ఖాతా సంగతి బయటపెడితే, బాబాయ్ ఎంత ఆశ్చర్యపోయాడో చెప్పలేను (కుర్చీలోంచి సగం లేచాడు కూడా). దుకాణం వచ్చింది. ఖాతాలో నా పేరు తీసి ఆయన పేరు రాయించారు. ఇప్పుడు నా ఫారంలో ఒక వరస తగ్గింది, పని తొందరగా అయిపోతుంది. అయినా పిన్ని పేరు లేని ఆ చోట ప్రతి ఏడూ కాసేపు ఆగుతాను, అన్నీ తనకే తెలుసనుకున్న ఆ పిల్ల గుర్తొచ్చి నవ్వుకుంటాను. అమెరికాకు ఏటా పూస గుచ్చినట్టు అన్నీ చెబుతూనే ఉన్నాను. ప్లాటు ఎందుకు అమ్ముడుపోయిందో పిన్నికి మాత్రం ఇంతవరకు చెప్పలేదు.