కాపులేని చెట్టు

తొంభైల మొదట్లో రాజోలులో ఓ జూనియర్ కాలేజీలో జువాలజీ చెప్పడానికి చేరాను. ఓ పెద్దావిడ ఇంట్లో వెనక వాటా అద్దెకు తీసుకున్నాను. ఆవిణ్ణి పిన్నిగారూ అనేదాన్ని. నాకు పెళ్ళి కాలేదు. మా వాళ్ళు సంబంధాలు చూసి చూసి అలిసిపోయి ఊరుకున్నారు. పిన్నిగారు మాత్రం ఊరుకోలేదు, ఎవరో ఒకరి సంగతి తెస్తూనే ఉండేవారు.

ఒకసారి వరండాలో కూచుని మర్నాటి పాఠం పైకి చదువుకుంటుంటే విన్నారు.

“ప్రకృతి వరణమా? ప్రకృతికి కూడా పెళ్ళిచూపులుంటాయాండీ?”

“ఉంటాయి పిన్నిగారూ. చూసేవాళ్ళే ఉండరు.”

ఎగతాళిగా అన్నా పాఠం అదే. నేచురల్ సెలెక్షన్‌కి ఆ మాట పెట్టిన మహానుభావుడెవరో గానీ, వరణం అనగానే పిల్లలకి దండ పట్టుకున్న రాకుమారి గుర్తొచ్చేది. ఆవిణ్ణి క్లాసులోంచి పంపించడానికే సగం పీరియడు పోయేది. ఎంచేవాళ్ళెవరూ లేరర్రా అనేదాన్ని. ఒకే చెట్టు కాయలు నాటినా మొక్కలన్నీ ఒకలా రావు. ఆ తేడాల్లో కొన్ని తల్లి నుంచి పిల్లకి దిగుతాయి. పుట్టినవన్నీ బతకవు. ఉన్న చోటికి సరిపడ్డవి ఎక్కువగా బతికి, ఎక్కువ పిల్లల్ని కంటాయి. తరాలు గడిచేకొద్దీ వాటి పోలికలే పెరుగుతాయి.

తొంభై ఆరులో పెద్ద తుపాను వచ్చింది. తెల్లారి చూస్తే పెరట్లో కొబ్బరిచెట్లన్నీ గెలలతో సహా పడున్నాయి. ఒక్కటి నిలబడింది. అది కాపులేని చెట్టు, కొట్టించేస్తానని పిన్నిగారు ఏటా అనేవారు. మోయడానికి గెలలు లేవు గనక గాలికి వంగి లేచిందని నా ఊహ. నాకెందుకో పట్టరాని సంతోషం వేసింది. వెళ్ళి దాన్ని వాటేసుకున్నాను కూడా.

కాలేజీ తెరిచాక పాఠంలో ఆ చెట్టునే చెప్పాను. “నవ్విన నాపచేనే పండిందర్రా,” అన్నాను గొప్పగా.

ముందు బెంచీలో అమ్మాయి లేచింది. “కానీ పండలేదు కదండీ మేడమ్. నిలబడిందంతే.”

ఆ పిల్ల పాఠం సరిగ్గా విన్నది. “నిజమే. కాయ లేకపోతే అది నిలబడ్డ సంగతి దానితోనే పోతుంది. ఒట్టినే బతకడం ఇందులో లెక్కకు రాదు,” అని బోర్డు వైపు తిరిగాను. రాయడానికేమీ లేదు. ఉన్నదే చెరుపుతూ నిలబడ్డాను. ఏడుపొచ్చింది.

ఇంటికొచ్చేసరికి పిన్నిగారు పడిపోయిన చెట్ల ముదురు కాయలు ఏరి ఇసకలో మొలకకి పెడుతున్నారు.

“పడిపోయినవాటివా?”

“మరేం చేస్తామండీ? నిలబడ్డదానికి లేవు కదా!”

రెండువేలు దాటాక ఆ మొక్కలు కాపుకొచ్చాయి. కాయలు దించే మొదటి దింపు రోజున పిన్నిగారు ఓ బొండం కొట్టించి నా చేతికిచ్చారు. నీళ్ళు తియ్యగా ఉన్నాయి. ఆవిడ పాత చెట్టు వైపు చూశారు.

“ఆ గొడ్డుదాన్ని ఇప్పుడైనా తీయించెయ్యాలండీ. పిల్లచెట్లకి ఎండ తగలనివ్వట్లేదు.”

“ఉండనివ్వండి పిన్నిగారూ,” అన్నాను. మామూలుగా అందామనుకున్నాను గానీ బతిమాలినట్టు వచ్చింది.

ఆవిడ నా మొహంలోకి చూసి “ఆయ్, అలాగేనండీ,” అన్నారు.

చెట్టు కొట్టించే మాట ఆ తర్వాత ఎప్పుడూ ఎత్తలేదు. నాకు సంబంధాల మాట కూడా.