వరండాలో అరగంట

పోయిన వారం మా మేనకోడలు బందరులో మా ఇంటికొచ్చి, ఒళ్ళో కంప్యూటర్ పెట్టుకుని కూర్చుంది. దివిసీమలో నేను నర్సుగా చేసిన ఆసుపత్రి పాత రిజిస్టర్లు అందులోకి ఎక్కించారట. పాము కరిచినవాళ్ళు ఎప్పుడొచ్చారు, వచ్చాక ఎవరు ఏం చేశారు, ఎంతసేపటికి చేశారు, చివరికి బతికారా పోయారా అన్నదంతా అది గీతలు గీసి చూపిస్తుందట. పేర్లూ తేదీలూ కప్పేశారు. అర్థంకాని చోట నా చేతిరాత చదివిపెట్టమని వచ్చింది పిచ్చితల్లి.

మీకూ గుర్తుండే ఉంటుంది, మన రోజుల్లో చేలో ఎవరికైనా పురుగు ముట్టిందంటే ముందు మంత్రగాడి దగ్గరికి, తర్వాతే ఆసుపత్రికి. అలా తెచ్చినవాళ్ళని నేను కడిగిపారేసేదాన్ని. నా నోటికి ఆసుపత్రంతా జడిసేది. ఒక మధ్యాహ్నం నా తమ్ముణ్ణీ అలాగే తీసుకొచ్చింది మరదలు, చంకలో ఏడాది పిల్లతో. వాడు దక్కలేదు. మొగుణ్ణి చేజేతులా చంపుకుందని ఊరంతా చెప్పాను, మళ్ళీ ఆమె గడప తొక్కలేదు, నిరుడు ఆమె పోతే చివరిచూపుకైనా వెళ్ళలేదు. ఆ చంకలో పిల్లే ఈ మేనకోడలు. దాన్ని మాత్రం ప్రతి వేసవి సెలవులకీ నా దగ్గరికి పంపుతూనే ఉండేది.

గీతల్లో తేలిందేమిటంటే, మంత్రగాడి దగ్గర ఆగి వచ్చినవాళ్ళలోనూ, రాగానే విషానికి విరుగుడు సూది పడినవాళ్ళు చాలామంది బతికారు. ఒక గీత దగ్గర పిల్ల ఆగిపోయింది. ఇతనేమీ మరీ ఆలస్యంగా రాలేదట, వచ్చాకే సూదికి అరగంట పట్టిందట.

"ఈ అరగంటలో ఏం జరిగింది అత్తయ్యా?" అంది.

ఆ పేజీ ఫొటోలో సిరా అలుక్కుపోయి ఉంది. అది నా తమ్ముడి పేజీ, సిరాని అలికింది నా కన్నీళ్ళే. ఆ రోజు డాక్టరు గారు లేరు, సూది వెయ్యాల్సింది నేను, మందు బీరువా తాళంచెవి నా నడుముకే ఉంది, నేనేమో మరదల్ని వరండాలో నిలబెట్టి తిడుతున్నాను. "తర్వాత తిడుదురుగాని వదినా, ముందు ఆయన్ని చూడండి" అని ఆమె నా కాళ్ళు పట్టుకుంది. అయ్యో, ఆ మాట విన్నానా!

పిల్లకి అంతా చెప్పేశాను. అమ్మకి ఇది తెలుసా అని అడిగింది. తెలియకేం, నా ఎదురుగానే ఉంది కదా. కన్నకూతురికి కూడా చెప్పకుండా ఆ నింద మోసుకుంటూ పోయింది మహాతల్లి.

ఇప్పుడు అంబులెన్సు బయల్దేరుతుండగానే కబురొస్తుందట, రోగి దిగేసరికి సూది సిద్ధంగా ఉంటుందట, ఎవరూ ఎవర్నీ నిలదియ్యరట. మంచిదే. నన్ను వదినా అని పిలిచేవాళ్ళు మాత్రం ఇంకెవరూ మిగల్లేదు.