మొరం బాట మీద అమ్మ సైకిలు

కోదాడలో మా ఇంటి ఎదురుగా ఉన్న ఖాళీ జాగాలో కొత్త వెంచరు వేస్తున్నారు. నిన్న టిప్పర్లు వచ్చి మొరం కుప్పలు దింపిపోయాయి. సాయంత్రం ఆ కుప్పల మీద నాలుగు చినుకులు పడగానే, తడిసిన ఎర్రమట్టి వాసన కిటికీలోంచి వంటింట్లోకి వచ్చింది. పొయ్యి మీద తాలింపు మాడిపోతున్నా నేను అక్కడి నుంచి కదల్లేకపోయాను. నలభై ఏళ్ల కింద సూర్యాపేట నుంచి పిల్లలమర్రి మీదుగా తండాకు పోయే బాట అచ్చంగా ఇట్లాగే వాసన వచ్చేది.

మేము సూర్యాపేటలో ఉండేవాళ్లం. నాన్న మిర్యాలగూడలో ఒక రైసుమిల్లులో మిషన్లు చూసుకునేవాడు. శనివారం సాయంత్రం బస్సు దిగి వచ్చేసరికి ఆయన చొక్కాకు, వెంట్రుకలకు, చివరికి మాకోసం తెచ్చిన బిస్కెట్ల పొట్లానికి కూడా తవుడు వాసన అంటుకుని ఉండేది. ఇంట్లో మిగిలిన రోజులు అమ్మా, నాయనమ్మా, నేనూ. నాయనమ్మ తెల్లచీర కట్టుకుని పొద్దున్నే బైబిలు పైకి చదివేది. చదువుతూ చదువుతూ మధ్యలో ఆగి, "పాలు పొంగుతున్నయ్ సూడున్రి" అని, మళ్లీ ఆ వాక్యం దగ్గరికే వచ్చేది.

నాకు పదేళ్లు వచ్చిన ఏడు, క్రిస్మస్‌కు చేసిన గరిజెలు, సకినాలు డబ్బాల్లో ఇంకా అడుగంటకముందే, అమ్మకు టీచరు ఉద్యోగం ఆర్డరు వచ్చింది. ఎన్నో ఏళ్లు ఎదురుచూసిన ఉద్యోగం. పడింది మాత్రం పిల్లలమర్రి అవతల, గుట్టల మధ్య ఉన్న ఒక లంబాడీ తండాలో. పిల్లలమర్రి దాకా బస్సు ఉండేది గానీ దానికీ బడి వేళకూ పొత్తు కుదిరేది కాదు. అక్కడి నుంచి తండాకు మొరం బాటే.

"ఇడిసిపెట్టు బిడ్డా," అన్నది నాయనమ్మ. "ఆడిదానివి అడివిల ఎట్ల పోతవ్?"

ఆ ఆదివారం అమ్మ నాన్నతో మెల్లగా ఏదో చెప్పింది. పై శనివారం నాన్న మిర్యాలగూడ బస్సు టాపు మీద వేసుకుని ఒక పాత లేడీస్ సైకిలు తెచ్చాడు. ఆకుపచ్చ రంగు అక్కడక్కడ పెచ్చులూడింది గానీ బెల్లు మాత్రం కొత్తది. తెచ్చాక గాని ఎవరికీ తట్టలేదు, అమ్మకు సైకిలు రాదని. ఇంట్లో సైకిలు వచ్చింది నాకొక్కదానికే. కిరాయి సైకిళ్ల మీద, మోకాళ్లు పగలగొట్టుకుని, ముందు సైకిలు దండె కిందినుంచి కాలు దూర్చి కైంచి తొక్కి, తర్వాత సీటెక్కి నేర్చుకున్నాను. అట్లా నేను మా అమ్మకు మాస్టరునయ్యాను.

తెల్లవారుజామున, వీధిలో ఎవరూ లేవకముందు, మా చర్చి వెనక మైదానంలో అమ్మ నేర్చుకునేది. చీర కుచ్చిళ్లు నడుముకు బిగించి, కొంగు చుట్టి దోపి, హ్యాండిలును పిల్లిపిల్లను పట్టుకున్నట్టు పట్టుకునేది.

"కిందికి సూడకమ్మా, ముందల సూడు," అనేదాన్ని.

"కిందికి సూడకుంటె పడ్తనే."

"సూస్తెనే పడ్తవ్."

పడింది. చాలాసార్లు పడింది. మూడో వారంలో ఒకరోజు నేను క్యారియర్ వదిలేసిన సంగతి ఆమెకు తెలియలేదు. వేపచెట్టు దాకా పోయి, మలుపు తిరిగి, నా మొహం ఎదురుగా కనపడేసరికి గానీ తాను ఒక్కతే తొక్కుతున్నట్టు తెలుసుకోలేదు. ఆరోజు నాయనమ్మ ఒక పాత బొంతను మడతపెట్టి, క్యారియర్‌కు తాళ్లతో కట్టింది. "పిల్ల కూసుంటె కుచ్చుకోకుంట," అని మాత్రం అన్నది.

సెలవు దొరికిన ప్రతిరోజూ నేను ఆ బొంత మీద కూర్చుని అమ్మ వెంట పోయేదాన్ని. పిల్లలమర్రిలో కాకతీయుల గుడి నీడలో ఒక్క నిమిషం ఆగేవాళ్లం. అక్కడి నల్లరాతి స్తంభాన్ని చిన్న రాయితో తడితే కంచు గిన్నెలా మోగేది. నేను చెవి ఆనించి ఆ మోత ఎక్కడిదాకా పోతుందోనని వినేదాన్ని. ఊరు దాటగానే బాట ఎర్రగా మారి తాటిచెట్ల మధ్యకు పోయేది, చక్రం కింద కంకర కరకరమని నలిగేది, దిగుడు వచ్చినప్పుడు అమ్మ కాళ్లు ఆపేసేది, గాలికి ఆమె కొంగు ఊడి నా మొహం మీద పడితే ఆ నీలం నూలు బట్టలోంచి అడవి అంతా నీలంగా కనపడేది. మాఘంలో మోదుగులు ఆకులు రాల్చి ఒళ్లంతా ఎర్రపూలు పూసేవి. ఎండాకాలంలో గీత కార్మికులు చెట్టు దిగి ముంజలు కొట్టిచ్చేవారు. వేలు పెట్టి లాగితే చల్లటి నీళ్లు మెడ దాకా కారేవి. తునికి పండ్లు, రేగుపండ్లు, సీతాఫలం పొదల్లో ఉలిక్కిపడి లేచే కౌజుపిట్టలు. ఎక్కుడు వస్తే నేను దిగి వెనక నుంచి నెట్టేదాన్ని. ఆ బాట మీద ఎంతసేపు గడిచేదో మాకు తెలిసేది కాదు.

తండాలో బడి అంటే ఒక్క గది, ముందు సన్నటి అరుగు. అరవై గడపల తండా గానీ బడికి వచ్చేది నలుగురే. అమ్మ ఇంటింటికీ పోయి అడిగింది. తండాలో అందరూ మాట వినే ముసలామె ఒకతె ఉండేది, జమ్లి అని. చేతుల నిండా తెల్లగాజులు, అద్దాల రవిక. ఆమె చుట్ట తీసి పక్కన పెట్టి, అమ్మను ఎగాదిగా చూసి చెప్పింది.

"ఇంతకుముందు వచ్చినోళ్లు గూడ ఎండల్ల వచ్చిన్రు టీచరమ్మా. వాన పడంగనె మాయమైన్రు. మా పోరగాండ్లు అటు మేకలకు గాలె, ఇటు సదువుకు గాలె. నువ్వు వానల్ల గూడ వస్తె అప్పుడు సూద్దం."

ఆ మాట అమ్మకు గుచ్చుకున్నట్టుంది.

మృగశిర వచ్చింది. బాట పక్కన గడ్డిలో ఎర్ర మఖమలు ముక్కల్లాగా ఆరుద్ర పురుగులు పాకేవి. అగ్గిపెట్టెలో పెట్టుకుని తెచ్చుకునేదాన్ని. తర్వాత పెద్ద వానలు మొదలయ్యాయి. ఒకరోజు అమ్మ మోచేయి చెక్కుకుపోయి, చీరంతా బురదతో వచ్చింది. వాగు దగ్గర సైకిలు జారిందట. నాయనమ్మ పసుపు పెడుతూ ఏడ్చింది. నాకు ఆ రాత్రంతా అమ్మ వాగులో కొట్టుకుపోతున్నట్టే అనిపించింది.

తర్వాతి వారం మా బడి కప్పు కారుతున్నదని సెలవులిచ్చారు. ఆ మరుసటి పొద్దున వాన తెరిపి లేకుండా పడుతున్నది. అమ్మ అన్నం టిఫిన్‌లో సర్దుకుంటుంటే నేను మెల్లగా పెరట్లోకి పోయి వెనక చక్రం గాలి తీసేశాను. బుస్సుమన్న చప్పుడు వానలో కలిసిపోయింది. అమ్మ వచ్చి చక్రం చూసింది. వంగి వాల్వు ముట్టుకుని చూసింది. పంపు తెచ్చి గాలి కొట్టింది. "నువ్వు గూడ వస్తవా?" అన్నది. నేను బొంత మీద పాలిథిన్ కవరు కప్పుకుని కూర్చున్నాను.

పిల్లలమర్రి దాటేదాకా ఫరవాలేదు. తర్వాత మొరం బాట ఎర్రటి జావలా అయిపోయింది. మడ్‌గార్డులో మట్టి ఇరుక్కుని చక్రం తిరగడం మానేసింది. దిగి, కట్టెపుల్లతో మట్టి తీసి, పదడుగులు నెట్టి, మళ్లీ తీసి. వాగు దగ్గర నీళ్లు నా మోకాళ్లు దాటి పారుతున్నాయి. నేను ఏడుపు ఆపుకోలేకపోయాను.

"అమ్మా, వెనక్కి పోదమే."

అమ్మ సైకిలును గట్టున ఉన్న తాటిచెట్టుకు ఆనించింది. నా మొహం మీద నీళ్లు తుడిచింది.

"గాలి తీసింది నువ్వే గదా?"

నేను తలూపాను. కొడుతుందనుకున్నాను.

"భయమైతె నోరిడిసి చెప్పాలె బిడ్డా. నాకు గూడ భయమే అయితున్నది. గాలి తీస్తె భయం పోతదా?" అన్నది. తర్వాత నన్ను ఎత్తుకుని వాగు దాటించింది, మళ్లీ పోయి సైకిలును భుజానికెత్తుకుని తెచ్చింది. అమ్మకు భయమైతుందన్న సంగతి నాకు ఆరోజే తెలిసింది.

బడికి చేరేసరికి మధ్యాహ్నం కావస్తున్నది. ఎవరూ లేరు. అమ్మ కొంగు పిండుకుని, అరుగు మీద బడిగంటగా వేలాడదీసిన నాగటి కర్రును ఇనుప ముక్కతో కొట్టింది. గదిలోకి పోయి బోర్డు మీద తారీఖు రాసింది. హాజరు పట్టీ తెరిచి నాలుగు పేర్లు ఒక్కొక్కటే పిలిచింది, ప్రతి పేరు తర్వాతా జవాబు వినడానికన్నట్టు ఆగుతూ. ఖాళీ గదిలో వాన చప్పుడు తప్ప ఏమీ లేదు. నాకు సిగ్గేసింది, అమ్మ మీద జాలేసింది. తల తిప్పి చూస్తే గుమ్మంలో జమ్లి నిలబడి ఉన్నది, నెత్తిన గోనెసంచి కప్పుకుని. ఎప్పుడు వచ్చిందో తెలియదు. నాలుగో పేరు దాకా విని వెళ్లిపోయింది.

కాసేపటికి గోనెసంచులు కప్పుకుని పిల్లలు వరుసగా వచ్చారు. నలుగురు కాదు, అరుగు పట్టనంత మంది. వెనకాల జమ్లి, కొంగు కింద వేడివేడి జొన్నరొట్టె, ఎల్లిపాయ కారం దాచుకుని.

"ముందుగాల తిను టీచరమ్మా," అన్నది. "తిన్నంక పేర్లు రాసుకో."

అమ్మ ఆ రొట్టెను నాకు సగం తుంచి ఇచ్చి, మిగతా సగం తింటూ తల వంచుకుంది. ఆమె కళ్లు తుడుచుకోవడం పిల్లలకు కనపడలేదు.

అమ్మ ఆ బడిలో తొమ్మిదేళ్లు చేసింది. తర్వాత మునగాలకు బదిలీ అయింది. అక్కడికి హైవే మీద బస్సులుండేవి. అమ్మ పోయి ఇప్పటికి పదకొండేళ్లు.

మొన్న చలికాలంలో ఒక పెళ్లికి సూర్యాపేట పోయి, ఊరికే పిల్లలమర్రి దాకా వెళ్లాను. ఊరు దాటి తండాకు పోయే మా మొరం బాట కూడా ఇప్పుడు తారు రోడ్డే. వెడల్పు చేసినప్పుడు మోదుగులు, రేగుచెట్లు పోయాయి. తండా పిల్లలు పొద్దున్నే పసుపు రంగు స్కూలు వ్యానుల్లో సూర్యాపేట బళ్లకు పోతున్నారట, ఒక్క గది బడికి తాళం పడిందట. గుడి దగ్గర అయిదారుగురు యువతీ యువకులు లావు టైర్ల సైకిళ్లు ఆపుకుని నీళ్లు తాగుతున్నారు. హైదరాబాదు నుంచి వచ్చారట. హెల్మెట్ తీసిన ఒక అమ్మాయి నన్ను అడిగింది.

"ఆంటీ, ఇక్కడ మట్టి రోడ్డు ఏమన్నా ఉందా? తారు రోడ్డు మీద తొక్కితే మాకు మజా రాదు."

నాకు నవ్వొచ్చింది. గుడి వెనక, తాటిచెట్ల మధ్య నుంచి పోయే సన్నటి బండ్ల బాటను చూపించాను.

"ఎందాక పోతది?"

"ఇదివరకు తండా దాక పోయేది. ఇప్పుడు ఎందాక ఉన్నదో నాకు తెలవదు బిడ్డా."

వాళ్లు ఒకరి వెనక ఒకరు అటు మళ్లారు. కంకర నలుగుతున్న చప్పుడు కొంతసేపు వినపడి, తర్వాత ఆగింది. బాట తెగిపోయి ఉంటే వెనక్కి వస్తారు కదా అని నేను గుడి మెట్ల మీద చాలాసేపు కూర్చున్నాను. ఎండ దిగిపోయేదాకా ఎవరూ వెనక్కి రాలేదు.